చేపల్లో గుడ్డు ఎదుగుదల, సంతానోత్పత్తి, ఈస్ట్రోజెన్ గ్రాహకాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

విశాఖపట్నం ఫిషింగ్ హార్బర్‌లోనూ జాలారిపేటలోనూ చేపను కోసి జన (చేప గుడ్ల ముద్ద) తీసేవారికి ఏ నెలలో ఏ చేప గుడ్డుతో ఉంటుందో పుస్తకం చూడకుండానే తెలుసు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో జంతుశాస్త్రం చదివే పిల్లలకు హార్మోన్ల పేర్లు వరుసగా వచ్చు. చేపల చేత గుడ్లు పెట్టించి పిల్లలను తీసే హేచరీలో పనిచేసేవారికి, గుడ్లు విడిపించడానికి ఏ ఇంజెక్షన్ ఎంత మోతాదో తెలుసు. ఈ మూడింటినీ కలిపే విషయం మీద తరచుగా వచ్చే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు రాస్తున్నాను. వీటన్నిటి వెనుక నేను నొక్కి చెప్పదలచినది ఒక్కటే. గుడ్డు మంచిదవుతుందా, పాడవుతుందా అన్నది ఇంజెక్షన్ వేసిన రాత్రికి కొన్ని నెలల ముందే, తల్లి చేప కాలేయంలోనూ అండాశయంలోనూ ఉన్న ఈస్ట్రోజెన్ గ్రాహకాల దగ్గర, అంటే ఈస్ట్రోజెన్ అనే ఆడ హార్మోన్‌ను పట్టుకునే ప్రోటీన్ల దగ్గర, చాలావరకు తేలిపోతుంది.

చేపల్లో కూడా ఈస్ట్రోజెన్ ఉంటుందా? అది ఎక్కడ తయారవుతుంది?

ఉంటుంది. స్త్రీలలో ఉండే ఈస్ట్రడయోల్ అనే హార్మోనే ఆడ చేపలోనూ ప్రధాన ఈస్ట్రోజెన్. రెండింటి రసాయన నిర్మాణంలో తేడా లేదు. అండాశయంలో ఎదుగుతున్న ప్రతి అండకణం చుట్టూ రెండు పొరల కణాలు ఉంటాయి. బయటి పొరలోని థీకా కణాలు టెస్టోస్టిరోన్‌ను తయారుచేసి లోపలి పొరకు అందిస్తే, లోపలి పొరలోని గ్రాన్యులోసా కణాలు అరోమటేజ్ అనే ఎంజైముతో దానిని ఈస్ట్రడయోల్‌గా మారుస్తాయి. ఈ పని మొదలుకావాలంటే మెదడు కింద ఉన్న పీయూష గ్రంథి నుంచి ఎఫ్‌ఎస్‌హెచ్ అనే హార్మోన్ రావాలి. ఎఫ్‌ఎస్‌హెచ్‌ను విడుదల చేయమని పీయూష గ్రంథికి చెప్పేది మెదడులోని హైపోథలామస్. పగటి పొడవు, నీటి ఉష్ణోగ్రత, మేత, వాన వంటి బయటి సంకేతాలన్నీ ముందుగా చేరేది అక్కడికే.

హార్మోన్ రక్తంలో ఉంటే చాలదా? గ్రాహకం ఎందుకు?

చాలదు. హార్మోన్ రక్తంతో పాటు ఒళ్ళంతా తిరుగుతుంది, కాని దానిని పట్టుకునే ప్రోటీన్ ఉన్న కణం మాత్రమే దానికి స్పందిస్తుంది. ఆ ప్రోటీన్‌నే గ్రాహకం అంటాము. కొవ్వులో కరిగే చిన్న అణువు కాబట్టి ఈస్ట్రడయోల్ కణం పొరను సులువుగా దాటి లోపలికి వెళ్ళి గ్రాహకానికి అంటుకుంటుంది. అప్పుడు గ్రాహకం ఆకారం మారి, రెండేసి గ్రాహకాలు జతకట్టి, కేంద్రకంలో డీఎన్‌ఏ మీద తమకు సరిపోయే 13 అక్షరాల వరుస దగ్గర కూర్చుంటాయి. ఆ వరుస పక్కన ఉన్న జన్యువు పని మొదలుపెడుతుంది. ఇలాంటి గ్రాహకం ఒకటి ఉందని 1950ల చివర షికాగో విశ్వవిద్యాలయంలో ఎల్‌వుడ్ జెన్సెన్ రేడియోధార్మిక ఈస్ట్రడయోల్‌తో చేసిన ప్రయోగాలు చూపాయి. దాదాపు నాలుగు దశాబ్దాల పాటు ఒకే రకం గ్రాహకం ఉందని అందరూ భావించారు. 1996లో స్వీడన్ శాస్త్రవేత్తలు ఎలుకలో రెండో రకాన్ని కనుగొన్నారు. అప్పటి నుంచి మొదటిదానిని ఆల్ఫా అనీ, రెండోదానిని బీటా అనీ పిలుస్తున్నారు.

చేపల్లో ఎన్ని రకాల గ్రాహకాలు ఉన్నాయి?

మనం తినే ఎముక చేపల్లో చాలావాటిలో కేంద్రకంలో పనిచేసేవి మూడు ఉన్నాయి: ఒక ఆల్ఫా, రెండు బీటాలు. 30 కోట్ల సంవత్సరాలకు పైగా వెనుక ఈ చేపల పూర్వీకులలో జన్యుసముదాయం మొత్తం రెట్టింపైంది. అప్పుడు రెండుగా మారిన బీటా గ్రాహకంలో రెండు ప్రతులూ నిలిచిపోయాయి. ఈ మూడో గ్రాహకాన్ని 2000 సంవత్సరంలో అట్లాంటిక్ క్రోకర్ చేపలో గుర్తించారు. సాల్మన్, ట్రౌట్ కుటుంబంలో జన్యుసముదాయం మరోసారి రెట్టింపైంది కాబట్టి ట్రౌట్‌లో ఆల్ఫాకు కూడా జంట ఉంది. ఇవి కాక కణం పొర మీద ఉండే మరో గ్రాహకం కూడా ఉంది. దాని పని పూర్తిగా వేరు కనుక దానికి విడిగా జవాబు రాశాను.

గుడ్డులోని సొన ఎక్కడి నుంచి వస్తుంది?

ఈ ప్రశ్నకు జవాబు అర్థమైతే మిగిలినవన్నీ సులువవుతాయి కాబట్టి దీని మీద కొంచెం ఎక్కువసేపు నిలబడతాను.

సొన అండాశయంలో తయారవదు. కాలేయంలో తయారై, రక్తంలో ప్రయాణించి, అండాశయానికి చేరుతుంది. అండాశయం విడుదల చేసిన ఈస్ట్రడయోల్ కాలేయ కణాల్లోని గ్రాహకాలకు అంటుకోగానే విటెలోజెనిన్ అనే పెద్ద ప్రోటీన్‌కు సంబంధించిన జన్యువులు మేల్కొంటాయి. విటెలోజెనిన్ ఉత్త ప్రోటీన్ కాదు. అది కొవ్వును, ఫాస్ఫరస్‌ను, కాల్షియంను కూడా మోసుకుపోతుంది. పుట్టబోయే పిల్ల నోరు తెరిచి మేత తినేదాకా బతకడానికి కావలసిన సరుకులో అధికభాగం అందులోనే ఉంటుంది. సీజన్‌లో ఉన్న ఆడ చేప రక్తంలో ఇది మిల్లీలీటరుకు పదుల మిల్లీగ్రాముల దాకా చేరగలదు. ఆ కాలంలో కాలేయం పరిమాణం కూడా పెరుగుతుంది.

ఇందులో గమనించవలసిన చక్కటి ఏర్పాటు ఒకటి ఉంది. ఈస్ట్రడయోల్ వచ్చి తగలగానే కాలేయం విటెలోజెనిన్‌తో పాటు ఆల్ఫా గ్రాహకాన్ని కూడా ఎక్కువగా తయారుచేసుకుంటుంది. గ్రాహకాలు పెరిగేకొద్దీ అదే మోతాదు హార్మోన్‌కు స్పందన పెరుగుతుంది, అందుకే సీజన్ మొదట్లో మెల్లగా నడిచిన పని మధ్యకు వచ్చేసరికి ఊపందుకుంటుంది. గోల్డ్‌ఫిష్ కాలేయ కణాల మీద 2010లో వెలువడిన పరిశోధన ఇంకొక విషయం చూపింది. మొదటి సంకేతాన్ని అందుకుని ఆల్ఫా గ్రాహకాన్ని పెంచడంలో బీటా గ్రాహకాలకు ముఖ్యమైన పాత్ర ఉంది. అంటే మూడింటిలో ఏది ముఖ్యం అని అడగడం కంటే, ఏది ఎప్పుడు పనిచేస్తుంది అని అడగడం సరైనదని నా అభిప్రాయం.

రక్తంలో వచ్చిన విటెలోజెనిన్‌ను అండకణం తన ఉపరితలం మీద ఉన్న వేరే గ్రాహకాలతో పట్టి లోపలికి తీసుకుని, ముక్కలుగా కోసి, సొన రేణువులుగా నిల్వచేసుకుంటుంది. మెడాకా, సాల్మన్ వంటి చేపల్లో గుడ్డు పెంకుకు కావలసిన ప్రోటీన్లు కూడా ఈస్ట్రడయోల్ ఆజ్ఞతో కాలేయంలోనే తయారవుతాయి. జీబ్రా చేపలో మాత్రం వాటిని అండాశయమే తయారుచేసుకుంటుంది.

ఏదైనా ఒక గ్రాహకం లేకపోతే గుడ్లు ఆగిపోతాయా?

జాతిని బట్టి, గ్రాహకాన్ని బట్టి జవాబు మారుతుంది. జీబ్రా చేపలో మూడు గ్రాహకాల జన్యువులనూ ఒక్కొక్కటిగా తొలగించి చూసిన ఫలితాలు 2017లో వచ్చాయి. ఏ ఒక్కటి పోయినా ఆ చేపలు సంతానోత్పత్తి చేయగలిగాయి. రెండు బీటాలనూ కలిపి తొలగించినప్పుడు మాత్రం అండకణాలు సొన నింపుకునే దశకు చేరకుండానే ఆగిపోయాయి, ఆ తరువాత ఆ ఆడ చేపలు మగవిగా మారిపోయాయి. ఆడ చేప ఆడ చేపగా నిలిచి ఉండటానికి కూడా ఈస్ట్రోజెన్ సంకేతం ఆగకుండా అందుతూ ఉండాలని దీనివల్ల తెలుస్తుంది. అరోమటేజ్ ఎంజైము జన్యువును తొలగించిన జీబ్రా చేపలన్నీ మగవిగానే ఎదగడం కూడా ఇదే మాట చెబుతుంది.

జపాన్ వరిమళ్ళ చేప మెడాకాలో కథ వేరు. అందులో ఒకే ఒక బీటా గ్రాహకాన్ని, అంటే ఈఎస్‌ఆర్2ఏ అనే దానిని తొలగిస్తే ఆడ చేప గొడ్డుదైపోయింది. అండాశయంలో గుడ్లు ఎదిగాయి, కాని గుడ్లు బయటికి వచ్చే నాళం సరిగా ఏర్పడలేదు. ఈ ఫలితాన్ని 2019లో ప్రచురించారు. గుడ్డు ఎదగడం ఒకటి, ఎదిగిన గుడ్డుకు దారి ఉండటం మరొకటి. ఈ రెండూ గ్రాహకాల మీద ఆధారపడి ఉన్నాయి. ఒక జాతిలో తేలినదాన్ని రోహుకో పండుగప్పకో యథాతథంగా అంటగట్టకూడదని చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ లేదు.

కణం పొర మీద ఉండే గ్రాహకం ఏం చేస్తుంది?

అది గుడ్డును ఆపి ఉంచుతుంది. సొన నిండుతున్నంత కాలం అండకణం తన విభజనను మధ్యలో నిలిపి ఉంచాలి, తొందరపడి పరిపక్వమైతే సొన చాలని గుడ్డు మిగులుతుంది. అట్లాంటిక్ క్రోకర్, జీబ్రా చేపల అండకణాల మీద పీటర్ థామస్ బృందం చేసిన పరిశోధనల ప్రకారం, ఈస్ట్రడయోల్ పొర మీది గ్రాహకానికి అంటుకుని కణం లోపల సైక్లిక్ ఏఎంపీ అనే అణువు స్థాయిని పెంచి ఉంచుతుంది. ఆ స్థాయి తగ్గనంత వరకు విభజన కదలదు. ఒకే హార్మోన్ కాలేయంలో సొనను తయారుచేయిస్తూ, అండకణం పొర మీద తొందరను అణచిపెడుతూ ఉండటం ఈ శాస్త్రంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన విషయం.

సీజన్ చివర పీయూష గ్రంథి నుంచి ఎల్‌హెచ్ హార్మోన్ ఉప్పెనలా రాగానే అండాశయం ఈస్ట్రడయోల్ తయారీ తగ్గించి, డీహెచ్‌పీ అనే, ప్రొజెస్టిన్ రకానికి చెందిన మరో హార్మోన్‌ను తయారుచేయడం మొదలుపెడుతుంది. గుడ్డును పరిపక్వం చేసే హార్మోన్ ఇదేనని 1985లో జపాన్‌లో నాగహామ, అదాచి సాల్మన్ జాతి చేపలో నిరూపించారు. ఆపి ఉంచే చేయి తొలగి, ముందుకు నడిపే చేయి పడటంతో విభజన తిరిగి మొదలై గుడ్డు విడుదలకు సిద్ధమవుతుంది.

ఒవాప్రిమ్ ఇంజెక్షన్ వేస్తే గుడ్లు వస్తున్నాయి కదా, ఇదంతా ఎందుకు తెలుసుకోవాలి?

హేచరీల నుంచి ఎక్కువగా వచ్చే ప్రశ్న ఇదే. చెరువులో పెరిగిన రోహు, బొచ్చె గుడ్డు కట్టుకుంటాయి, కాని పారే నీరు, కొత్త వరద లేనిదే చివరి ఎల్‌హెచ్ ఉప్పెన రాదు. ఈ అడ్డంకిని దాటే మార్గం 1957 జూలై 10న ఒడిశాలోని అంగుల్‌లో దొరికింది. హీరాలాల్ చౌధురి, కె.హెచ్. అలికున్హి పీయూష గ్రంథి సారాన్ని ఇంజెక్ట్ చేసి మన కార్పు చేపల చేత గుడ్లు పెట్టించారు. ఆ రోజునే ఇప్పుడు జాతీయ చేపల రైతుల దినోత్సవంగా జరుపుకుంటున్నాము. ఒవాప్రిమ్‌లో మిల్లీలీటరుకు 20 మైక్రోగ్రాముల సాల్మన్ జీఎన్‌ఆర్‌హెచ్ అనలాగ్ (పీయూష గ్రంథికి ఆజ్ఞ ఇచ్చే మెదడు హార్మోన్‌కు నకలు), 10 మిల్లీగ్రాముల డోంపెరిడోన్ ఉంటాయి. మొదటిది ఎల్‌హెచ్‌ను విడుదల చేయిస్తుంది, రెండోది ఆ విడుదలకు అడ్డుపడే డోపమైన్‌ను ఆపుతుంది.

ఇప్పుడు ఈ మందు ఎక్కడ పనిచేస్తుందో చూడండి. అది చివరి కొన్ని గంటల పనిని మాత్రమే నడిపిస్తుంది. అంతకుముందు ఈస్ట్రడయోల్, గ్రాహకాలు, కాలేయం కలిసి నడిపిన సొన నింపే పనిలో దానికి పాత్ర లేదు. ఇంజెక్షన్ వడ్డించే చేయి మాత్రమే, వంట అంతకుముందే కాలేయంలో పూర్తయి ఉండాలి. సొన సగమే నిండిన చేపకు మోతాదు పెంచి వేస్తే గుడ్లు రాకపోవచ్చు, వచ్చినా ఫలదీకరణ శాతం పడిపోతుంది, పిల్లలు పుట్టినా సొన అయిపోయాక బలహీనపడి చనిపోతాయి. అటువంటప్పుడు మందు బ్యాచ్ మంచిది కాదని నింద వేయడం హేచరీల్లో మామూలే. చాలా సందర్భాల్లో అసలు లోపం ఫిబ్రవరి, మార్చి నెలల్లో తల్లి చేపల చెరువులో జరిగిన పోషణలో ఉంటుందని నేను గట్టిగా నమ్ముతాను.

తల్లి చేపలో సొన పూర్తిగా నిండిందని ఎలా తెలుసుకోవాలి?

కార్పు చేపల్లో అనుభవజ్ఞులు పొట్ట చూసి చెబుతారు. పొట్ట ఉబ్బి, మెత్తగా ఉండి, జననరంధ్రం ఎర్రబడి ఉంటే గుడ్డు సిద్ధమని లెక్క. మగచేప పొట్టను మెల్లగా నొక్కితే పాలలాంటి వీర్యం వస్తుంది. ఈ చూపు విలువైనదే, కాని కడుపు నిండా మేత తిన్న చేప, కొవ్వు పట్టిన చేప కూడా అలాగే కనిపించి మోసం చేయగలవు.

సముద్రపు చేపల హేచరీలో ఒక సన్నని, మెత్తటి గొట్టాన్ని మత్తులో ఉన్న చేప జననరంధ్రం గుండా అండాశయంలోకి జాగ్రత్తగా పంపి, రెండో కొసను నోటితోనో సిరంజితోనో మెల్లగా పీల్చి, కొన్ని గుడ్లను బయటికి తీస్తారు. వాటిని గాజు పలక మీద పరిచి, సూక్ష్మదర్శినిలో కంటి కటకానికి అమర్చిన స్కేలుతో వ్యాసం కొలుస్తారు. పండుగప్పలో గుడ్డు వ్యాసం 0.4 మిల్లీమీటర్లు దాటి 0.5కు దగ్గరవుతుంటే సొన నింపే పని ముగింపుకు వచ్చిందని అర్థం. ఇథనాల్ 6 పాళ్ళు, ఫార్మలిన్ 3 పాళ్ళు, ఎసిటిక్ ఆమ్లం 1 పాలు కలిపిన ద్రావణంలో గుడ్లను కాసేపు ఉంచితే సొన పారదర్శకంగా మారి, లోపలి కేంద్రకం కనిపిస్తుంది. కేంద్రకం సరిగ్గా మధ్యలో ఉంటే ఇంకా ఆగాలి. ఒక పక్కకు జరగడం మొదలుపెడితే ఈస్ట్రడయోల్ వంతు అయిపోయి ప్రొజెస్టిన్ వంతు వచ్చిందన్నమాట. గుడ్లన్నీ ఒకే పరిమాణంలో ఉన్నాయా, రెండు మూడు గుంపులుగా ఉన్నాయా అన్నది కూడా ఇక్కడే రాసుకోవాలి. విడతలుగా గుడ్లు పెట్టే జాతుల్లో ఒక గుంపు పరిపక్వమవుతుండగా తరువాతి గుంపు ఇంకా సొన నింపుకుంటూ ఉంటుంది.

సముద్రపు చేపల గుడ్లు నీటిలో తేలడానికీ ఈ గ్రాహకాలకూ సంబంధం ఉందా?

ఉంది, కాని అది పరోక్షంగా ఉంది. గ్రూపర్, పాంపనో, పండుగప్ప వంటి చేపల గుడ్లు ఒక మిల్లీమీటరుకు అటూ ఇటూ ఉండి సముద్రపు నీటిపై తేలుతాయి. పరిపక్వత చివరి గంటల్లో అండకణం సొనలోని ప్రోటీన్లలో కొంతభాగాన్ని విడి అమినో ఆమ్లాలుగా విడగొడుతుంది. వాటి గాఢత వల్ల నీరు లోపలికి ఉరికి గుడ్డు ఉబ్బి తేలికవుతుంది. ఇలా విడిపోవడానికి తగిన సొన ప్రోటీన్లు ఈస్ట్రడయోల్ దశలోనే తగిన పాళ్ళలో చేరి ఉండాలి. గాలి పంపును ఆపి, గుడ్లు ఉన్న నీటిని కాసేపు కదలకుండా ఉంచితే మంచి గుడ్లు పైకి చేరుతాయి, చనిపోయినవి తెల్లబడి అడుగుకు దిగుతాయి. తల్లి చేప పోషణ ఎలా జరిగిందో ఆ తొట్టి చూస్తేనే కొంతవరకు తెలిసిపోతుంది.

విశాఖపట్నంలో గ్రూపర్‌ను, పండుగప్పను పెంచుతారు కదా, వాటి లింగమార్పిడికి కారణం ఇదేనా?

విశాఖలోని కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ ప్రాంతీయ కేంద్రం ఆరెంజ్ స్పాటెడ్ గ్రూపర్‌నూ, ఇండియన్ పాంపనోనూ బంధనంలో ప్రజననం చేయించి పిల్లలను ఉత్పత్తి చేసిన చోటు. దేశంలో తొలిసారి బహిరంగ సముద్రంలో పంజరాల్లో చేపల పెంపకం 2007లో ఈ తీరంలోనే, పండుగప్పతో మొదలైంది. కాబట్టి ఈ ప్రశ్న మనకు ఎంతో దగ్గరిది.

గ్రూపర్ మొదట ఆడగా పరిపక్వమై, పెద్దదైన తరువాత మగగా మారుతుంది. పండుగప్ప దీనికి తిరగేసినట్లుగా మొదట మగగా ఉండి, మరికొన్ని సంవత్సరాలకు ఆడగా మారుతుంది. గ్రూపర్‌లో అండాశయం ఈస్ట్రడయోల్ తయారీ పడిపోవడంతో మార్పు మొదలవుతుంది. హనీకోంబ్ గ్రూపర్‌కు అరోమటేజ్‌ను అడ్డుకునే ఫాడ్రజోల్ ఇస్తే ఆడ చేపలు మగవిగా మారాయని 2004లో జపాన్‌లో జరిగిన ప్రయోగం చూపింది. గ్రాహకాలకు ఈస్ట్రోజెన్ అందకపోతే అండాశయం అండాశయంగా నిలవలేదన్నది దీని అర్థం. జీబ్రా చేపలో గ్రాహకాలు తొలగించినప్పుడు కనిపించినదీ అదే. హేచరీలో ఈ జాతులతో వచ్చే ఇబ్బంది ఏమిటంటే, చిన్న గ్రూపర్లన్నీ ఆడవే కాబట్టి మగవి దొరకవు. చిన్న పండుగప్పలన్నీ మగవే కాబట్టి ఆడవాటి కోసం పెద్ద చేపలను సంవత్సరాల తరబడి మేపాలి.

ఎండలు ముదిరితే గుడ్ల మీద ప్రభావం ఉంటుందా?

ఉంటుంది. ఆస్ట్రేలియాలోని టాస్మేనియాలో అట్లాంటిక్ సాల్మన్ ఆడ చేపలను సొన నింపుకునే కాలంలో 14 డిగ్రీల బదులు 22 డిగ్రీల నీటిలో ఉంచినప్పుడు ఈస్ట్రడయోల్, విటెలోజెనిన్ రెండూ తగ్గి, గుడ్ల నాణ్యత పడిపోయింది. మన చేపలు వేడి నీటివి కనుక ఆ అంకెలు వాటికి వర్తించవు, కాని ప్రతి జాతికీ ఒక పరిమితి ఉంటుందన్న సూత్రం వర్తిస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో తల్లి చేపల చెరువులో నీటి లోతు తగ్గనివ్వకపోవడం, తెల్లవారుజామున ఆక్సిజన్ పడిపోకుండా చూడటం గుడ్డు కోసం చేసే పనులే. ఆక్సిజన్ కొరత కూడా ఈస్ట్రడయోల్ స్థాయిని, అండాశయం ఎదుగుదలను దెబ్బతీస్తుందని క్రోకర్ చేపల మీద చేసిన అధ్యయనాలు చెబుతున్నాయి.

మేతలో సోయా ఉంటే ఇబ్బందా?

సోయాలో ఉండే జెనిస్టీన్ అనే పదార్థం ఈస్ట్రోజెన్ గ్రాహకాలకు, ముఖ్యంగా బీటా రకానికి అంటుకోగలదు. సైబీరియన్ స్టర్జియన్ చేపల్లో ఇటువంటి మొక్కల పదార్థాలు విటెలోజెనిన్ తయారీని రేకెత్తించాయని 1990లలో ఫ్రాన్స్ పరిశోధకులు చూపారు. పెంచి అమ్మే చేపలకు సోయా మేత వాడటం మీద నాకు అభ్యంతరం లేదు. తల్లి చేపలకు మాత్రం వేరుశనగ చెక్క, తవుడుతో పాటు చేపపిండి, చేపనూనె వంటి వాటిని చేర్చి, సోయా వాటాను మితంగా ఉంచడం మంచిదని నా సలహా. ఒమేగా 3 కొవ్వులు, విటమిన్ ఇ చాలకపోతే కాలేయం విటెలోజెనిన్ తయారుచేసినా అందులో నింపడానికి మంచి సరుకు ఉండదు. సముద్రపు తల్లి చేపలకు స్క్విడ్, పచ్చి చేప మేపడం వెనుక ఉన్న కారణం ఇదే.

మేతలో ఈస్ట్రోజెన్ కలిపి ఇస్తే గుడ్లు పెరుగుతాయా?

పెరగవు. బయటి నుంచి ఈస్ట్రోజెన్ వచ్చినప్పుడు మెదడు, పీయూష గ్రంథి తమ గ్రాహకాల ద్వారా దానిని గమనించి ఎఫ్‌ఎస్‌హెచ్ విడుదలను తగ్గించుకుంటాయి. దానితో అండకణాల ఎదుగుదలకు మూలాధారమే పోతుంది. కాలేయం అవసరానికి మించి విటెలోజెనిన్ తయారుచేసి అలసిపోతుంది. దయచేసి ఈ పని చేయకండి. తిలాపియాలో అన్నీ మగపిల్లలే కావాలని వాడే మిథైల్ టెస్టోస్టిరోన్ వేరు, అది లింగం నిర్ణయమయ్యే వయసులో చిన్న పిల్లలకు కొన్ని వారాలు మాత్రమే ఇచ్చేది, తల్లి చేపల పోషణతో దానికి సంబంధం లేదు.

నగరపు మురుగునీరు చేపల సంతానోత్పత్తిని దెబ్బతీయగలదా?

తీయగలదు. దీనికి అన్నిటికంటే బలమైన సాక్ష్యం కెనడాలో ఒక సరస్సు నుంచి వచ్చింది. ఒంటారియోలోని ప్రయోగ సరస్సుల ప్రాంతంలో 260వ నంబరు సరస్సులో, గర్భనిరోధక మాత్రల్లో వాడే ఇథినైల్ ఈస్ట్రడయోల్‌ను 2001 నుంచి 2003 వరకు వేసవుల్లో కలిపారు. నీటిలో దాని గాఢత లీటరుకు 5 నుంచి 6 నానోగ్రాములే. నానోగ్రాము అంటే గ్రాములో వందకోట్లవ వంతు. అంత స్వల్ప మోతాదుకే ఫ్యాట్‌హెడ్ మిన్నో అనే చిన్న చేపలో మగవాటి ఒంట్లో విటెలోజెనిన్ పుట్టింది, కొన్నిటి వృషణాల్లో అండకణాలు కనిపించాయి, ఆడవాటి గుడ్ల అభివృద్ధి చెడింది. ఆ సరస్సులో ఆ జాతి దాదాపు అంతరించే స్థితికి చేరింది. కరెన్ కిడ్ నేతృత్వంలో ఈ ఫలితాలు 2007లో వెలువడ్డాయి. మందు కలపడం ఆపిన కొన్ని సంవత్సరాలకు ఆ చేపల సంఖ్య తిరిగి కోలుకుంది. ఇంగ్లండ్ నదుల్లో మురుగు శుద్ధి కేంద్రాల దిగువన రోచ్ చేపల్లో మగ, ఆడ లక్షణాలు రెండూ కలిసి ఉండటాన్ని 1990లలో విస్తృతంగా నమోదు చేశారు.

మగచేపకు కూడా కాలేయంలో ఈస్ట్రోజెన్ గ్రాహకాలు, విటెలోజెనిన్ జన్యువులు ఉన్నాయి. ఈస్ట్రడయోల్ చాలినంత లేక అవి నిద్రాణంగా ఉంటాయి, అంతే. అందుకే మగచేప రక్తంలో విటెలోజెనిన్ కనిపిస్తే ఆ నీటిలో ఈస్ట్రోజెన్ లాంటి పదార్థం ఉందని అర్థం. ట్రౌట్ మగచేపల్లో ఇది లక్షల రెట్లు పెరగగలదు. విశాఖ వంటి ఓడరేవు, పరిశ్రమలు, పెరుగుతున్న జనాభా ఉన్న నగరంలో గెడ్డలు సముద్రంలో కలిసే చోట్ల మగచేపల రక్తాన్ని ఏటా ఇలా పరీక్షించడం ఏ కళాశాల ప్రయోగశాలకైనా అందుబాటులో ఉన్న పని. అది జరగాలని నేను మనస్ఫూర్తిగా కోరుకుంటున్నాను.

జన తింటే ఆ ఈస్ట్రోజెన్ మనకు హాని చేస్తుందా?

నోటి ద్వారా వెళ్ళిన ఈస్ట్రడయోల్‌లో చాలాభాగాన్ని పేగు, కాలేయం మార్చివేస్తాయి, రక్తంలోకి మారకుండా చేరేది సుమారు 5 శాతమే. పైగా జనలో మనం తినేది ముఖ్యంగా సొన, అంటే ప్రోటీనూ కొవ్వూ. సంకోచం లేకుండా వేయించుకుని తినవచ్చు.

వేసవి వేట నిషేధానికి దీనితో సంబంధం ఉందా?

తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మర పడవల వేట ఆపడానికి చెప్పే ప్రధాన కారణం చేపల ప్రజనన కాలాన్ని కాపాడటమే. గుడ్డుతో ఉన్న ఒక ఆడ చేప నెలల తరబడి కూడబెట్టిన సొన మొత్తం ఒక్క వలలో పోకుండా ఉంటుంది.

ఈ సీజన్‌లో గుడ్లు విడవని తల్లి చేపను ఏం చేయాలి?

వెంటవెంటనే మళ్ళీ ఇంజెక్షన్ వేయకండి. విడుదల కాని గుడ్లను వాటి చుట్టూ ఉన్న కణాలే క్రమంగా కరిగించి, సొనను శరీరంలోకి తిరిగి తీసుకుంటాయి. ఈ పని జరుగుతుండగా తీసిన గుడ్లు సూక్ష్మదర్శినిలో అంచులు ముడతపడి, లోపల మబ్బుగా, ఆకారం చెడి కనిపిస్తాయి. అటువంటి గుడ్లు కనిపించిన చేపను మిగిలినవాటి నుంచి వేరుచేసి, తక్కువ సాంద్రత ఉన్న చెరువులో వదిలి, మంచి మేతతో విశ్రాంతినివ్వాలి. పాత గుడ్లు కరిగిపోయిన తరువాత ఎఫ్‌ఎస్‌హెచ్ పెరిగి, అండాశయం మళ్ళీ ఈస్ట్రడయోల్ తయారుచేస్తే, కాలేయంలో గ్రాహకాలు తిరిగి పెరిగి కొత్త గుంపు అండకణాలకు సొన అందడం మొదలవుతుంది. బాగా మేపిన కార్పు చేపల్లో ఇది ఒకే సీజన్‌లో రెండోసారి కూడా జరుగుతుంది. రెండోసారి ఇంజెక్షన్ వేసే ముందు పొట్ట చూసి తృప్తిపడకుండా, కొన్ని గుడ్లు తీసి వ్యాసం కొలిచి, కేంద్రకం ఎక్కడుందో చూసి, ఆ తరువాతే సిరంజి పట్టుకోండి.